బాగుంది అంటే చాలదు

నాలుగేళ్ళ క్రితం, మిషిగన్‌లో మా పక్క వీధిలోనే ఉండే స్నేహితుడొకడు తన మొదటి కథ నా చేతిలో పెట్టి, "చదివి నిజం చెప్పరా" అన్నాడు. చదివాను. మొదటి రెండు పేజీల్లో కథ మొదలే కాలేదు. ఇండియాలో తండ్రి ఫోను పెట్టేసే చోట మాత్రం నా గొంతు పట్టేసింది. ఈ రెండిట్లో ఒక్కటీ చెప్పలేదు. "చాలా బాగుందిరా" అనేసి ఊరుకున్నాను.

వాడా కథని మా ఊరి ఉగాది సభలో చదివాడు. రెండో పేజీ పూర్తయ్యేసరికి జనం పులిహోర వైపు కదిలారు. తండ్రి ఫోను దాకా ఆగిన వాళ్ళు నలుగురు. ఇంటికి వెళ్ళేటప్పుడు కారు దగ్గర వాడన్నాడు: "నీకు ముందే తెలుసు కదరా?" ఆ తరవాత మళ్ళీ కథ రాయలేదు.

క్రితం ఏడాది, ఆఫీసులో నలుగురి ముందు మాట్లాడ్డం రావాలని నన్ను టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరమన్నారు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడి పద్ధతి నాకు వింతగా తోచింది. మన ఉపన్యాసం ఎలా ఉందో చెప్పడానికి ముందే ఒకరిని నియమిస్తారు. ఆయన లేచి అందరి ముందూ రెండు మూడు నిమిషాలు చెప్పాలి. మనం ఎన్నిసార్లు "ఆ... ఊ..." అన్నామో లెక్కపెట్టడానికి ఇంకొకరు. నా లెక్క పంతొమ్మిది!

నేను మా తాతగారి నుయ్యి గురించి మాట్లాడాను. రిటైరైన ఒక అమెరికన్ మేష్టారు లేచి, "గిలక కిర్రుమన్నప్పుడు మీరు కాగితం వదిలేసి మా వైపు చూశారు. నాకు నుయ్యి కనిపించింది. మిగతా అంతా కాగితమే చూశారు. ఈసారి ఆ గిలకతోనే మొదలుపెట్టండి" అన్నారు.

నాకు సిగ్గెయ్యలేదు. ఈయన నిజంగా విన్నాడే అనిపించింది. మనకి విమర్శంటే బడిలో గోడకుర్చీ, మెప్పంటే సభలో శాలువా. ఈయన చేసింది ఆ రెండూ కాదు. ఏది నిలుపుకోవాలో, ఏది మార్చుకోవాలో వేలు పెట్టి చూపించారు. అలాగని అక్కడ అందరూ ఆయనలాంటి వాళ్ళేం కాదు. ముందో పొగడ్త, వెనకో పొగడ్త, మధ్యలో చేదు మాత్ర ఇచ్చే వాళ్ళూ ఉన్నారు. శ్రద్ధగా విన్నారో లేదో మనకి ఇట్టే తెలిసిపోతుంది. నా "చాలా బాగుంది" ఏపాటిదో కూడా అప్పుడే తెలిసింది. అది మెప్పు కాదు, తప్పించుకోవడం.

మొన్న శనివారం వాడింటికి వెళ్ళి ఆ కథ అడిగాను. బీరువా అడుగు నించి తీశాడు.

"నాన్నగారి ఫోను దగ్గర నా గొంతు పట్టేసిందిరా. ముందున్న రెండు పేజీలూ దానికి అడ్డం. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. లోపలికెళ్ళి పెన్ను తెచ్చి, కాగితాలు నా ముందు పరిచాడు.

"ఏ లైను దాకా కొట్టెయ్యమంటావు?"