డ్రాఫ్ట్ తూకంలో ఏడడుగుల ఆటగాడు

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్‌బీఏలోని 30 జట్లు కళాశాలల నుంచీ విదేశాల నుంచీ వచ్చే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకొనే వార్షిక కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2024లో అది జూన్ 26 రాత్రి 8 గంటలకు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మొదలైంది కనుక, రాయపూర్ జిల్లాలోని ధర్సీవాలో అప్పటికి మర్నాటి ఉదయం ఐదున్నర. సిల్తరా పారిశ్రామిక వాడను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో గానీ, రాయపూర్ దాటాక వచ్చే భిలాయిలో గానీ ఉద్యోగాలకని వచ్చి నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాలకు బాస్కెట్‌బాల్ పరాయి ఆట కాదు. భిలాయి ఉక్కు కర్మాగారం అండతో, శిక్షకుడు రాజేశ్ పటేల్ చేతుల మీదుగా ఎదిగిన బాలికల జట్లు ఛత్తీస్‌గఢ్ పేరును జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి నిలిపాయి. అందుకే ఆ ఉదయం తేలిన ప్రశ్నను, అంటే కళాశాలలో తిరుగులేని ఏడడుగుల ఆటగాడు వృత్తి ఆటలో నెగ్గుకురాగలడా అన్నదాన్ని, ఇక్కడి నుంచి పరిశీలించడం అసందర్భం కాదు.

ఎంపికలో వరుస క్రమానికి ఒక న్యాయం ఉంది. కిందటి ఏడాది బాగా ఓడిన జట్లకు ముందు వంతు దక్కేలా, అయితే కావాలని ఓడిపోయేవారికి మరీ లాభం కలగకుండా, తొలి స్థానాలను లాటరీ తీసి నిర్ణయిస్తారు. మొదటి రౌండులో ఎంపికైనవాడికి కనీసం రెండేళ్ల జీతానికి హామీ ఉంటుంది, రెండో రౌండులోనివాడికి అటువంటి హామీ ఏదీ ఉండదు. కాబట్టి ఒక ఆటగాడు 9వ స్థానంలో పోవాలా 39వ స్థానంలో పోవాలా అన్న వాదన వట్టి కాలక్షేపం కాదు, అతడి బతుకుతెరువుకు సంబంధించిన లెక్క.

2024 నాటి వాదనకు కేంద్రబిందువు ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు సెంటర్ జాక్ ఈడీ. సెంటర్ అంటే బుట్టకు అతి దగ్గరగా ఆడుతూ బంతిని దగ్గరి నుంచి వేయడం, బుట్టకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని (రీబౌండ్) అందుకోవడం, ప్రత్యర్థి వేసేదాన్ని అడ్డుకోవడం చేసే పొడవాటి ఆటగాడు. కెనడాలోని టొరంటోలో చిన్నతనంలో హాకీ, బేస్‌బాల్ ఆడిన ఈడీ బాస్కెట్‌బాల్‌కు ఆలస్యంగా వచ్చాడు, ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీలో ఓనమాలు దిద్దాడు, 2020లో కళాశాలలో చేరేనాటికి తన వయసువారి జాబితాల్లో నాలుగు వందల స్థానానికి అవతల ఉన్నాడు. మొదటి ఏడాది మ్యాచ్‌కు సగటున 8.7 పాయింట్లు చేసినవాడు నాలుగో ఏడాదికి 25.2కు ఎదిగి, 2023లోనూ 2024లోనూ జాతీయ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. వరుసగా ఆ గౌరవం పొందడం 1980ల తొలినాళ్లలో వర్జీనియా విశ్వవిద్యాలయపు రాల్ఫ్ శాంప్సన్ తరువాత మళ్లీ అప్పుడే జరిగింది. శాంప్సన్ కూడా ఈడీలాగే 7 అడుగుల 4 అంగుళాలవాడే.

2023లోనే డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చిన ఈడీ దాన్ని ఉపసంహరించుకొని మరో ఏడాది చదువుకు వెనక్కి వెళ్లాడు. 2021 నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకోవడానికి అనుమతి వచ్చాక పొడవాటి ఆటగాళ్లు చాలామంది ఇలాగే ఆగుతున్నారు, కానీ ఈడీకి ఆ సంపాదనలో పెద్దభాగం అందలేదు, ఎందుకంటే అతడు ఉన్నది విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద. అదే వీసా మీద చదువుకుంటూ ప్రాంగణం బయట గంట పని చేయడానికి కూడా జంకే తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులకు ఈ ఇబ్బందిని వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

ఈడీ మీద వచ్చిన అభ్యంతరాలకు మూలం రెండు ఆటల నియమాల్లోని తేడాలో ఉంది. ఎన్‌బీఏలో, ఎవరికీ దగ్గరగా కాపలా కాయని రక్షకుడు బుట్ట కింద రంగు వేసిన ప్రదేశంలో, అంటే పెయింట్‌లో, మూడు సెకన్లకు మించి నిలవకూడదు. 2001-02 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన కళాశాల ఆటలో లేనే లేదు కనుక, అక్కడ దాదాపు 300 పౌండ్ల మనిషి బుట్ట కింద పాతుకుపోయి నిలబడవచ్చు. దీనికి పిక్ అండ్ రోల్ అనే ఎత్తుగడ తోడవుతుంది: దాడి చేసే జట్టులో ఒకడు బంతి ఉన్నవాడి రక్షకుడికి అడ్డుగా నిలబడి, వెంటనే బుట్ట వైపు మళ్లుతాడు, ఆ కాస్త వ్యవధిలో ఎదుటి జట్టు సెంటర్ ముందుకు వచ్చి, బంతి ఉన్న చురుకైన గార్డును ఆపాలి, లేదా వెనుకే ఉండి గార్డు దూరం నుంచి వేసే బంతిని వదిలెయ్యాలి. కళాశాల ఆటలో మూడు పాయింట్ల గీత బుట్టకు సుమారు 22 అడుగుల దూరంలో ఉంటే, ఎన్‌బీఏలో చాలావరకు 23 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది కాబట్టి, వృత్తి ఆటలో సెంటర్ కాపాడవలసిన నేల కూడా ఎక్కువే. పాదాలు నెమ్మదిగా కదిలే ఈడీని ప్రతి జట్టూ ఇదే ఎత్తుగడతో బయటకు లాగుతుందని విమర్శకులు అన్నారు.

వారి మాటకు సాక్ష్యాలు లేకపోలేదు. 2023 మార్చిలో జాతీయ టోర్నమెంటు మొదటి రౌండులోనే పర్డ్యూ జట్టు, దేశంలోని ప్రథమ శ్రేణి కళాశాల జట్లన్నింటిలోకీ పొట్టిదైన ఫేర్లే డికిన్‌సన్ చేతిలో 63–58 తేడాతో ఓడిపోయింది. మరుసటి ఏడాది ఫైనల్‌లో కనెక్టికట్ జట్టు పన్నిన పన్నాగం మరీ విచిత్రం: ఈడీని ఒంటరిగా ఆడనిచ్చి, అతడి సహచరులకు మూడు పాయింట్ల అవకాశమే ఇవ్వలేదు, ఈడీ 37 పాయింట్లు చేశాడు, పర్డ్యూ మొత్తం మ్యాచ్‌లో ఏడే ఏడు దూరపు ప్రయత్నాలు చేసి ఒక్కటి వేసింది, 75–60తో ఓడిపోయింది. ఆ రోజు ఎదుటి జట్టులో ఉన్న సెంటర్ డొనోవన్ క్లింగన్ ఎంపికలో 7వ స్థానంలో పోర్ట్‌లండ్‌కు వెళ్లగా, ఈడీ 9వ స్థానంలో మెంఫిస్‌కు వెళ్లాడు.

విమర్శకులు వాదనకు దన్నుగా చూపినవి ఇటీవలి పూర్వోదాహరణలు. 2021 జాతీయ ఉత్తమ ఆటగాడు, అయోవా సెంటర్ లూకా గార్జా 52వ స్థానం దాకా ఎదురుచూడవలసి వచ్చింది. 2022 ఉత్తమ ఆటగాడు, కెంటకీకి చెందిన ఆస్కార్ షీబ్వేను 2023లో ఎవరూ ఎంచుకోలేదు. అయితే వీరిద్దరూ ఏడడుగులు లేనివారు, పొడుగుతో కాక ఒడుపుతో నెగ్గినవారు. ఈడీని వీరి సరసన కూర్చోబెట్టడం తూకంలో వేసిన తప్పు రాయి.

అసలు వాదించవలసిన విషయం వేరే ఉండగా, దాన్ని ఇరుపక్షాలూ తేలికగా దాటవేశాయి. అంత బరువును మోసే ఎముకలు ఏడాదికి 82 మ్యాచ్‌లను, మ్యాచ్‌కు 48 నిమిషాల ఆటను ఎన్నాళ్లు తట్టుకుంటాయన్నదే ఆ విషయం. 1984లో పోర్ట్‌లండ్ జట్టు, కాలి ఎముక విరిగి కళాశాలలో రెండు సీజన్లు కోల్పోయిన శామ్ బోవీని రెండో స్థానంలో తీసుకొని, మైకేల్ జోర్డాన్‌ను మూడో స్థానానికి వదిలింది. 2007లో అదే జట్టు ఒకే ఒక్క ఏడాది కళాశాల ఆట ఆడిన గ్రెగ్ ఓడెన్‌ను మొదటి స్థానంలో తీసుకొని, కెవిన్ డురాంట్‌ను వదులుకుంది. మోకాళ్లు సహకరించక ఓడెన్ పోర్ట్‌లండ్‌కు ఆడినవి 82 మ్యాచ్‌లే, అంటే ఒక్క సీజన్‌కు సరిపడా. శాంప్సన్ వైభవాన్ని కూడా తుంచింది మోకాళ్లే. మెంఫిస్ మాత్రం ఈడీని తొలి ఏడాది 66 మ్యాచ్‌లలో, సగటున 21 నిమిషాల చొప్పునే ఆడించింది; ఆ మేరకు అతడు 9.2 పాయింట్లు, 8.3 రీబౌండ్లతో కొత్త ఆటగాళ్ల ఉత్తమ అయిదుగురిలో చోటు సంపాదించాడు. పాదాల వేగం గురించి భయపడినంత జరగలేదు, కానీ 2025 జూన్‌లో అతడి ఎడమ చీలమండకు శస్త్రచికిత్స జరిగింది.

ఈ కొలతతో చూస్తే, కళాశాలలో గడిపిన ఏళ్లకు అర్థం మారుతుంది. అవి పాయింట్లు పోగుచేసిన ఏళ్లు మాత్రమే కావు, ఒక భారీ దేహం ఏటా ఇంకొన్ని నిమిషాలు మోయగలదా అన్న పరీక్షకు లిఖితపూర్వకమైన జవాబు. అటువంటి జవాబు లేకుండానే ఎంపికైనవాడు భారతదేశపు సత్నాం సింగ్. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి లూధియానా అకాడమీకి, అక్కడి నుంచి 2010లో, ఆ తరువాత ఈడీ కూడా చదివిన ఐఎంజీ అకాడమీకి వెళ్లిన 7 అడుగుల 2 అంగుళాల సత్నాం, చదువు అర్హతలు కుదరక కళాశాల ఆటకు దూరమై, 2015లో డాలస్ జట్టుకు 52వ స్థానంలో ఎంపికయ్యాడు. తొలి భారతీయుడని మన పత్రికలు మురిసిపోయాయి. ఆ పైన అతడు అనుబంధ లీగ్‌లో ఆడాడే తప్ప ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు, చివరకు వృత్తి కుస్తీకి మళ్లాడు. అతడికన్నా ముందు, 2014లో ఎవరూ ఎంచుకోని సిమ్ భుల్లర్, టొరంటోలోని పంజాబీ దంపతుల కొడుకు, 7 అడుగుల 5 అంగుళాలవాడు, న్యూ మెక్సికో స్టేట్ కళాశాలలో రెండేళ్లు ఆడినందుకు 2015 ఏప్రిల్‌లో సాక్రమెంటో తరఫున మూడు మ్యాచ్‌లకైనా నోచుకున్నాడు.

తప్పు సత్నాంది కాదు. మన దేశంలో పొడుగు పిల్లవాడు కనిపిస్తే అకాడమీకి పంపుతారు, పేరు రాగానే రైల్వేలోనో ఉక్కు కర్మాగారంలోనో క్రీడా కోటా కింద ఉద్యోగం ఇస్తారు. కుటుంబం గట్టెక్కుతుంది, అది చిన్న మేలేమీ కాదు. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలు మాత్రం కొద్ది రోజుల టోర్నమెంట్లుగా ముగుస్తాయి తప్ప, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వారంవారం సాగే అమెరికా కళాశాల లీగ్ వంటిది ఇక్కడ లేదు. కాన్పూర్ నుంచి వచ్చి భిలాయిలో రాజేశ్ పటేల్ వద్ద శిక్షణ పొంది భారత జట్టుకు ఆడిన దాదాపు 6 అడుగుల 11 అంగుళాల పూనం చతుర్వేదికి కూడా, తన ఎత్తుకు తగిన ప్రత్యర్థులతో ఏడాది పొడవునా ఆడే వేదిక ఈ దేశంలో దొరకలేదు.

కాబట్టి ఈ వాదనలో రెండు తీర్పులు చెప్పవచ్చు. ఈడీని 9వ స్థానంలో తీసుకోవడం, అతడి చీలమండ రేపు ఏమి చేసినా, నాలుగేళ్ల రుజువు చూసి చేసిన సరైన ఎంపిక. సత్నాంను 52వ స్థానంలో తీసుకోవడం అతడి ఎత్తునూ అతడి దేశపు ప్రేక్షకుల సంఖ్యనూ చూసి చేసినది. భారతదేశంలో పుట్టి పెరిగిన ఆటగాడెవరూ నేటికీ ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్‌లో అడుగు పెట్టలేదు.