ఆరు బటన్ల రిమోట్

మా టీవీకి కంప్యూటర్ తగిలించి చాలా రోజులైంది. 1957 నాటి ‘మాయాబజార్’ మొదలు నాన్నకిష్టమైన సినిమాలన్నీ అందులోనే. కానీ పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి పనిచేయడం లేదు. ఎడమచేత్తో మౌస్ కుదరదు. ‘ఒరే, ఆ సినిమా పెట్టరా’ అని పిలవడానికి మొహమాటం. ఆపేసిన టీవీ ముందే కూర్చునేవారు.

అందుకే యూనివర్సల్ రిమోట్ కొన్నాను. కంప్యూటర్‌కు రిమోట్ భాష తెలియదు కదా! యూఎస్‌బీలో వేలెడంత రిసీవర్ పెట్టాలి. రిమోట్ నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి వస్తుంది. సెకనుకు దాదాపు 38 వేలసార్లు మిణుకుమనే ఆ కాంతి ఆగి ఆగి వెలువడే తీరు ఒక్కో బటన్‌కు ఒక్కోలా ఉంటుంది. దాన్ని రిసీవర్ గుర్తుపట్టి, కీబోర్డు మీద ఫలానా కీ నొక్కినట్టు కంప్యూటర్‌కు చెబుతుంది. ఏ బటన్‌కు ఏ కీ అన్నది మనం ఒక్కసారి నేర్పితే చాలు.

నేర్పింది ఆరింటికే. పైకి, కిందికి, ఓకే, వెనక్కి, సౌండ్‌కు రెండు. మిగతా వాటిపై నల్ల టేపు అంటించాను. చూడ్డానికి బాగోలేదు, నిజమే.

మొన్న అర్ధరాత్రి హాల్లోంచి ఘటోత్కచుడి నవ్వు. ‘ఈ వేళప్పుడు సినిమా ఏంటండీ’ అని అమ్మ కేకేసింది. నాన్న సౌండ్ ఇంకాస్త పెంచారు.