రాతి మీద రౌతు, గేటు మీద కాగితం

బల్గేరియాలో చిల్లర డబ్బులు అరచేతిలో పోసుకుంటే చాలా నాణేల మీద ఒక గుర్రపు రౌతు కనిపిస్తాడు. నిన్నమొన్నటిదాకా పాత చిల్లర స్తోతింకి నాణేల మీద ఉండేవాడు. 2026 జనవరి 1న వాళ్ళ పాత డబ్బు లెవ్ పోయి యూరో వచ్చింది. ఒక సెంటు మొదలు 50 సెంట్ల దాకా అన్నిటి మీదా మళ్ళీ అతనే. డబ్బే మారిపోయినా ఉద్యోగం ఊడని మనిషి. అసలు రౌతుని చూడాలంటే మాత్రం దేశం ఈశాన్యాన, షుమెన్ పట్నానికి తూర్పున ఉన్న మదారా అనే పల్లెకి వెళ్ళాలి.

ఊరి వెనకే కొండ. కొండంటే పైకి పోయేకొద్దీ సన్నబడేది కాదు, బల్లపరుపు పీఠభూమి. దాని అంచు వంద మీటర్ల ఎత్తున నిలువుగా తెగి ఉంటుంది. దాని నీడన ఎర్ర పెంకుటిళ్ళు, ప్రతి వాకిట్లో ద్రాక్ష పందిరి, దొడ్లో అక్రోట్ చెట్టు, కూరమళ్ళు. మెట్లెక్కి వెళితే ఆ రాతిగోడ మీద, నేలకి 23 మీటర్ల ఎత్తున రౌతు ఉంటాడు. ఆశలు పెట్టుకుని వెళ్ళేవాళ్ళకి ముందే చెప్పడం మంచిది: మొదటి చూపుకి అక్కడ ఏమీ ఉండదు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళ పని అది. ఇన్ని వందల ఏళ్ళ వానా మంచూ దాన్ని అరగదీశాయి. కాసేపు తేరిపార చూస్తే ముందు గుర్రం పిర్ర తేలుతుంది. తరవాత దాని వెనక పరిగెత్తే కుక్క. ఆపైన గుర్రం ముందుకాళ్ళ కింద, బల్లెం దిగబడ్డ సింహం. గద్ద కూడా ఉందంటారు, అది మాత్రం నమ్మకం మీద చూడాల్సిందే. నేను జేబులోంచి నాణెం తీసి, నకలు సాయంతో అసలుని పోల్చుకున్నాను. 1979లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాన మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

శిల్పం కన్నా నన్ను పట్టి నిలబెట్టింది దాని చుట్టూ చెక్కిన రాతలు. కింద నిలబడి వాటిని చదవలేం, పండితులు కూడబలుక్కుని తేల్చినవి పుస్తకాల్లో ఉన్నాయి. భాష గ్రీకు. ఈ దేశానికి పేరిచ్చిన బల్గార్లు అప్పట్లో శాసనాలకి ఎక్కువగా గ్రీకే వాడేవారు మరి. ఆ రాతల్లో ఒక ముక్కు తెగిన చక్రవర్తి ప్రస్తావన ఉంది. బైజాంటియం చక్రవర్తి రెండవ జస్టీనియన్‌ని 695లో గద్దె దింపి, మళ్ళీ ఎక్కకుండా ముక్కు కోసి దూరంగా తరిమేశారు. అంగవైకల్యం ఉన్నవాడు సింహాసనానికి పనికిరాడని వాళ్ళ లెక్క. అతను తిరిగి తిరిగి బల్గార్ రాజు తెర్వెల్ దగ్గరికి వచ్చాడు. తెర్వెల్ సైన్యమిచ్చాడు. 705లో జస్టీనియన్ నీళ్ళు పారే తూము గుండా కాన్‌స్టాంటినోపుల్‌లో దూరి పాత గద్దె మీద కూర్చున్నాడు, తెర్వెల్‌కి కైసర్ బిరుదిచ్చాడు. కొన్నేళ్ళకే ఒప్పందం మరిచి అదే తెర్వెల్ మీదకి దండెత్తి ఓడిపోయాడు. బల్గార్ రాజు మాటగా, థెస్సలొనీకి దగ్గరున్న మా బాబాయిలు ఆ ముక్కు తెగినవాణ్ణి నమ్మకుండా వెనక్కి వెళ్ళిపోయారన్న అర్థంలో మదారా రాయి మీద ఉంటుంది. కుటుంబంలో పెద్దవాళ్ళ మాటే నెగ్గిందన్నమాట. ఇంకోచోట ఎవరు ఎవరికి బంగారం ఇచ్చారన్న ఊసు. దేవుడి స్తోత్రం కన్నా లెక్కలే ఎక్కువ. అది నలుగురూ చూసేలా కొండకెక్కించిన జమాఖర్చు.

ఊళ్ళోకి దిగితే అక్కడా గోడలనిండా రాతలే. ప్రతి గేటుకీ, కరెంటు స్తంభానికీ, బస్సు స్టాపుకీ కాగితాలు అంటించి ఉన్నాయి. వాటిని నెక్రొలోగ్ అంటారు. నల్ల అంచు, పైన సిలువ, పోయినవాళ్ళ ఫోటో, పేరు, నాలుగు మాటలు. ఈ ప్రాంతంలో తురుష్క కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఆకుపచ్చ అంచుతో, నెలవంకతో ఉన్నవీ పక్కపక్కనే కనిపిస్తాయి. మన కూడళ్ళలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పెద్దకర్మ దాటితే ఏ గడ్డివాము మీదో కప్పడానికి పోతుంది. ఇక్కడి కాగితం అలా పోదు. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఆర్నెల్లకి, ఏడాదికి, ఆ తరవాత ఏటేటా. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు అయినవి కూడా చూశాను. పాతదాని మీద కొత్తది అంటించడంతో కొన్ని గేట్లకి కాగితం పొర అట్టలా గట్టిపడింది. ఎండకి ఫోటో వెలిసిపోయి మనిషి పోయి కోటు మిగిలినవి, జడివానకి ఓ మూల ఊడి గాలికి కొట్టుకుంటున్నవీ ఉన్నాయి.

కొన్ని గేట్లకి కాగితం ఉంది గాని తాళం తీసేవాళ్ళు లేరు. 1989 నాటికి బల్గేరియా జనాభా దాదాపు 90 లక్షలు. 2021 జనాభా లెక్కల్లో 65 లక్షలు. తగ్గిన పాతిక లక్షల్లో కొంత చావు, కొంత తక్కువ కాన్పులు, కొంత జర్మనీ, స్పెయిన్. పల్లెలు మరీ ఖాళీ అయ్యాయి. ఏ వార్నా నుంచో, సోఫియా నుంచో పిల్లలు ఏడాదికోసారి వచ్చి కాగితం మార్చి వెళ్ళిపోతారు.

మదారాకి ఉత్తరాన దగ్గర్లోనే ప్లిస్కా ఉంది. 681 నుంచి 893 దాకా బల్గార్ల మొదటి రాజధాని అది. ఇప్పుడు గడ్డి మైదానంలో పునాదులు, కొత్తగా కట్టిన కొంత గోడ. శిథిలాల్ని కొత్త రాయితో నిలబెట్టడం నాకంత నచ్చదు. ఏది పాతదో, ఏది కాంట్రాక్టరుదో తెలియని గోడ ముందు నిలబడి పరవశించడం నావల్ల కాదు. కానీ ఒక సంగతికి ఆ నేలకి దణ్ణం పెట్టాలి. 864లో బోరిస్ రాజు క్రైస్తవం పుచ్చుకున్నాడు. మొరావియా నుంచి తరిమేసిన స్లావ్ పండితుల్ని 886లో చేరదీశాడు. ఇంకో తరం గడిచేసరికి, కొడుకు సిమియోన్ కాలంలో, కొత్త రాజధాని ప్రెస్లావ్‌లో సిరిలిక్ లిపి రూపు కట్టుకుంది. మదారా రాతి మీద అరువు తెచ్చుకున్న గ్రీకు అక్షరాలకే స్లావ్ ధ్వనుల కోసం కొన్ని చేర్చుకున్నారు. రష్యా కన్నా ముందు ఇది వీళ్ళది. ఆ మాట తెలియనట్టు మాట్లాడితే వీళ్ళకి ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా. ఏటా మే 24న అక్షరాలకి పండగ చేస్తారు. ప్లిస్కాలో 30 అక్షరాలనీ మనిషిని మించిన రాళ్ళుగా చెక్కి ఒక ఆవరణలో నిలబెట్టారు. పిల్లలు తమ పేరులో మొదటి అక్షరం వెతుక్కుని దాన్ని కావలించుకుని ఫోటో దిగుతుంటారు.

షుమెన్ చుట్టుపక్కల ఒకప్పుడు చతలార్ అనిపించుకున్న ఊళ్ళో ఇంకో గ్రీకు శాసనం దొరికింది. 822 ప్రాంతంలో బల్గార్ రాజు ఒముర్తాగ్ ఖాన్ వేయించింది. కోట కట్టాను, వంతెన కట్టాను అని చెబుతూనే, మనిషి ఎంత బాగా బతికినా పోతాడు, వెనక పుట్టినవాడు ఇది చూసి కట్టినవాణ్ణి తలుచుకోవాలి అనే భావం రాయించాడు. గేటు మీది కాగితంలో ఉండేదీ ఇంచుమించు అదే, కోట ఉండదు. షుమెన్ గుట్ట మీద 1981లో, దేశానికి 1300 ఏళ్ళని కట్టిన కాంక్రీటు స్మారకం కూడా నేనూ మా ఆవిడా చూశాం. పట్నంలోంచి దానికి 1300 మెట్లు. ఆ లెక్క మోకాళ్ళే చెప్పాయి.

మదారాలో మేం దిగిన ఇంటి మామ్మగారికి ఎనభై దాటాయి. సెప్టెంబరు ఆఖరు కావడంతో ఊరంతా కాల్చిన మిరప వాసన. ఆవిడ ద్రాక్ష పందిరి కింద చుష్కోపెక్ ముందు పీట వేసుకుని కూర్చుంది. కుంపటంత కరెంటు పొయ్యి, మధ్యలో నిలువు గొట్టం. అరచెయ్యంత ఎర్ర మిరపకాయని తొడిమ పట్టుకుని అందులో దించి మూత పెడుతుంది. కాసేపటికి తీస్తే తొక్క నల్లగా పొంగి ఉంటుంది. గిన్నెలో వేసి మూతపెట్టి మగ్గనిచ్చి, వేళ్ళతో ఒక్క లాగు లాగితే తొక్క మొత్తం ఊడొస్తుంది. శీతాకాలానికి సీసాలు నిండాలి. కారం మాత్రం బొత్తిగా లేదు, తీపి. మధ్యమధ్య మా గిన్నెల్లో పెరుగు పోసేది, గడ్డపెరుగు, కవ్వానికి కూడా లొంగనట్టుంది. ఇక్కడివాళ్ళు అవునంటే తల అడ్డంగా, కాదంటే నిలువుగా ఊపుతారు. తెలుగువాడు దేనికైనా ఊపే ఆ అడ్డపు ఊపు ఇక్కడ పెరుగు తెప్పించింది.

ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. వాళ్ళ గేటుకి ముసలాయన కాగితం ఉంది, తొమ్మిదో ఏడాదిది. ఆ ఫోటోలో ఆయన నవ్వుతున్నాడని మా ఆవిడ అంటే మామ్మగారు మొహం చిట్లించింది. అది పెళ్ళిలో తాగి దిగిన ఫోటో అట, కూతురు తొందరలో అదే ఇచ్చేసిందట. తన విషయంలో అలా జరగనివ్వనంది. చేతులు కడుక్కుని, రుమాలు సర్దుకుని, పందిరి కింద కూర్చుని మా ఆవిడ చేత ఫోటోలు తీయించుకుంది. ఒక్కొక్కటే కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒకదాంట్లో గడ్డం కనిపిస్తోంది, ఒకదాంట్లో వెనక చుష్కోపెక్ పడింది, ఇంకోదాంట్లో మరీ ముసలిదానిలా ఉన్నాను అంది. చివరికి అన్నీ తీసేయమంది. కస్పిచాన్‌లో జుట్టు కత్తిరించే అమ్మాయి ఉందట, బుధవారం వెళ్ళి రంగు వేయించుకుని అప్పుడు దిగుతానంది. మిరపకాయలు మాడుతున్నాయని అరిచి పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.