పాత రేకులు పగలగొట్టకండి, దించండి



పోస్టు పొడుగ్గా ఉంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మీ ఊళ్లో పక్కా ఇళ్లు శాంక్షన్ అయి, పాత ఇళ్లు విప్పుతున్నారంటే మాత్రం ఇవాళే చదవండి. వేసవి సెలవుల్లో ఆ పనికి కూలికి పోతున్న తమ్ముళ్లు ఉంటే వాళ్లకూ వినిపించండి.

మేము పాడేరు ఏజెన్సీ వాళ్లం. ఒకే హాస్టల్లో ఆరుగురం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. అందుకని సెలవుల్లో ఊరికెళ్తే ఆధార్ కార్డు తప్పుల నుంచి బ్యాంకు మెసేజ్ దాకా అన్నీ మా దగ్గరికే వస్తాయి. ఈ వేసవిలో సిమెంటు రేకులొచ్చాయి.

ముందు ఈ రేకుల సంగతి చెప్పుకోవాలి. మన పెద్దోళ్లకు సిమెంటు రేకు అంటే గౌరవం. అంతకుముందు గడ్డి కప్పు. రెండేళ్లకోసారి గడ్డి కోసి, మోసి, ఊరంతా కలిసి కప్పాలి. నిప్పు రవ్వ పడితే వరసంతా బుగ్గి. సర్కారు కాలనీ ఇచ్చి రేకులు వేస్తే అదే మొదటి గట్టి కప్పు. మా తాత ఇప్పటికీ "రేకుల ఇల్లు కట్టిన ఏడు" అని లెక్క చెబుతాడు. అందుకని ఆ రేకును తిడుతూ ఎవరైనా మాట్లాడితే పెద్దోళ్లకు కోపం రావడంలో న్యాయం ఉంది.

కానీ ఆ పాత సిమెంటు రేకుల్లో సిమెంటుతో పాటు ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తెలుగులో రాతినార అంటారు. పేరులోనే ఉంది: రాయే, కానీ పత్తిలాగా పోగులు పోగులుగా విడిపోతుంది. కాలదు, కుళ్లదు, చెదలు పట్టదు. రేకులో ఇది వందకు ఎనిమిది, పది వంతులు ఉంటుంది. మిగతాది సిమెంటు, బూడిద లాంటివి. ఆ కాస్త నారే రేకుకు బలం. రేకు బాగున్నంతకాలం నార సిమెంటులో చిక్కుకుని ఉంటుంది. పగలగొట్టినా, కోసినా, డ్రిల్లు పెట్టినా, ఎండిన ముక్కలు చీపురుతో ఊడ్చినా బయటికొస్తుంది. ఆ పోగులు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. కంటికి కనపడవు, వాసన రాదు, దగ్గు కూడా అప్పటికప్పుడు రాదు. గాలిలో గంటల తరబడి తేలుతాయి. ఊపిరితిత్తుల్లోకి పోయినవాటిలో చాలా భాగం అక్కడే ఉండిపోతాయి.

జబ్బు బయటపడేది చాలా ఆలస్యంగా. పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు, ఒక్కోసారి నలభై ఏళ్లకు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్. పని దగ్గర రాతినార పీల్చడం వల్ల ప్రపంచంలో ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగతాగే వాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు. మన దగ్గర చుట్ట, అడ్డపొగ ఎంతమందికి అలవాటో మీకు తెలుసు. ఇరవయ్యేళ్ల తమ్ముడు ఈ వేసవిలో వారం రోజులు సమ్మెట పట్టుకుని రేకులు పగలగొడితే, ఆ సంగతి వాడే మర్చిపోయాక, వాడి పిల్లల పెళ్లిళ్ల వయసుకు లెక్క తేలొచ్చు.

బయటి దేశాల్లో ఇదెలా చేస్తారో చదివి మాకు కళ్లు తిరిగాయి. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 ఆఖర్లో రాతినార వాడకం ఆపేశాయి. అయినా పాత ఇళ్లల్లో అది ఉండిపోయింది కదా. దాన్ని తీయడానికి అక్కడ ప్రత్యేకంగా ట్రైనింగ్ పొందిన మనుషులుంటారు. గొట్టాల చుట్టూ చుట్టిన మెత్తటి రకం, గోడలకు స్ప్రే కొట్టిన రకం అన్నిటికన్నా ప్రమాదం. అవి చేత్తో నలిపితే పొడైపోతాయి. వాటిని లైసెన్సు ఉన్నవాళ్లే ముట్టుకోవాలి. సిమెంటు రేకు కొంచెం నయం, గట్టిగా ఉంటుంది కాబట్టి. అయినా ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో 10 చదరపు మీటర్లు దాటితే సిమెంటు రేకుకు కూడా లైసెన్సు ఉన్నవాళ్లే రావాలి. మన లెక్కలో అది ఒక చిన్న గది కప్పు. మన దగ్గర ఆ పని చేసేది రోజు కూలికి వెళ్లే మన మావయ్య, మన బావ, మనం.

చదువుతుంటే ఇంకో సంగతి కనపడింది, దాన్ని ఈ గ్రూపులో రాయకుండా ఉండలేం. ఆస్ట్రేలియాలో బర్యుల్‌గిల్ అని అక్కడి ఆదివాసుల ఊరు. 1940ల నుంచి 1970ల ఆఖరి దాకా పక్కనే రాతినార గని నడిచింది. కూలీల్లో ఎక్కువమంది ఆ ఊరి ఆదివాసులే. గని మిగుల్లో పిల్లలు ఆడుకున్నారు. మన దేశంలో ఝార్ఖండ్, చాయిబాసా దగ్గర రోరో కొండలు. హో ఆదివాసుల నేల. అక్కడి రాతినార గని 1983లో మూతపడింది. తవ్విన మిగులు కొండ మీదే వదిలేశారు, వానకు కిందికి జారుతోంది. మన కడప జిల్లా పులివెందుల వైపు కూడా ఈ గనులుండేవి. 1986లో కేంద్రం కొత్త లీజులు ఆపింది, 1993లో పాతవి రెన్యువల్ చేయడం ఆపింది. తవ్వడం ప్రమాదమని లీజులు ఆపారు గానీ, బయటి దేశాల నుంచి తెప్పించి రేకులు చేయడం ఆపలేదు. ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో మనది ముందు వరస. తవ్వేచోటా మనమే, చివరికి పగలగొట్టేచోటా మనమే.

ఇప్పుడు మా ఊరి సంగతి. ఏడు ఇళ్లకు కొత్త ఇళ్లు శాంక్షనయ్యాయి. పాత కప్పు తీస్తేగాని పునాది ముగ్గు పోయరు. పని పట్టిన మేస్త్రి ఇంటికింత అని గుత్తకిచ్చాడు. గుత్త అంటే తెలుసుగా, ఎంత తొందరగా అయితే అంత లాభం. మేము ఊరికొచ్చేసరికి రెండిళ్లు అయిపోయాయి. కింద నుంచి గెడకర్రతో పొడిచి, పైనుంచి సమ్మెటతో కొట్టి రాల్చేశారు. తెల్లటి దుమ్ము. ముక్కలు ట్రాక్టర్లో ఎత్తి గెడ్డ పక్కన దారి గుంతల్లో పోశారు. పిల్లలు ఆ ముక్కలతో తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

మా ఆరుగురిలో ఒకడు బీఎస్సీ కెమిస్ట్రీ. వాడే ముందు ఆగమన్నాడు. మేస్త్రి నవ్వి, "నాలుగు పుస్తకాలు చదివి వచ్చార్రా, నలభై ఏళ్లు దీని కిందే పడుకున్నారు మీ అమ్మ, నాన్న. ఏమయ్యింది?" అన్నాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు చెప్పలేకపోతే ఊళ్లో ఎవరూ వినరు.

మేము చెప్పిన జవాబు ఇది. కింద పడుకోవడం వేరు, పగలగొట్టడం వేరు. బాగున్న రేకు నుంచి పోగులు పెద్దగా రాలవు. అందుకే భయపడి ఈ రాత్రికి రాత్రే ఎవరూ ఇల్లు విప్పొద్దు. కానీ మీరందరూ ఒకటి చూసే ఉంటారు: రేకుల ఇల్లు కాలితే రేకులు టపటపా పేలి ముక్కలు ఎగురుతాయి. కోతులు దూకితే పగులుతాయి. అంత పెళుసుదాన్ని సమ్మెటతో కొడితే లోపలున్న నార అంతా ఒక్క పూటలో బయటికొస్తుంది. నలభై ఏళ్లు రాని దుమ్ము ఆ పూటే వస్తుంది.

మేస్త్రి ఒప్పుకున్నది మా మాటకు కాదు. మా చిన్నమ్మ లేచి, "పిల్లలు ఉత్తినే చేస్తామంటున్నారు కదా, నీకేం పోయింది?" అంది. మిగతా ఐదిళ్లు మాకొదిలేశాడు. అతను పూటలో చేసే ఇల్లు మాకు రెండు రోజులు పట్టింది. ఎలా చేశామో రాస్తున్నాం, మీకు పనికొస్తుంది.

1. పిల్లలను, గర్భిణులను, కోళ్లు మేకలతో సహా దూరంగా పంపాం. ఇంట్లో గిన్నెలు, బట్టలు, ధాన్యం ముందే బయటికి తీశాం.

2. రుమాలు, సర్జికల్ మాస్కు దీనికి పనికిరావు. ఎన్95 కూడా సరిపోదంటారు. ఎఫ్ఎఫ్‌పీ3 అని రాసిన మాస్కులు తెప్పించాం. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు, అందుకని అందరం గీసుకున్నాం. పైన రెయిన్‌కోట్లు, చేతులకు గ్లౌజులు.

3. నీళ్లు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పొలంలో మందు కొట్టే డబ్బా శుభ్రంగా కడిగి, నీళ్లలో కొంచెం సబ్బు ద్రవం కలిపి రేకు రెండు వైపులా మెల్లగా తడిపాం. పైపుతో జోరుగా కొట్టకూడదు. తడిసిన దుమ్ము లేవదు.

4. రేకు మీద అడుగు పెట్టలేదు. పాత రేకు మనిషి బరువుకు విరిగి కిందపడి నడుం, ప్రాణం పోగొట్టుకున్నవాళ్లుంటారు. పక్కన పరంజా కట్టుకుని అక్కడి నుంచే చేశాం.

5. తుప్పుపట్టిన హుక్కుల నట్లకు ముందురోజే నూనె పోశాం. రానివాటికి హ్యాక్సా బ్లేడుతో ఇనుప హుక్కునే కోశాం, రేకును కోయలేదు. కటింగ్ మిషన్ అసలు వాడకూడదు.

6. పదడుగుల రేకు 40 కిలోల దాకా ఉంటుంది. నలుగురు పట్టుకుని మొత్తంగా దించాం. పైనుంచి పడేయలేదు.

7. దించిన రేకులను మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి టేపు వేశాం. యూరియా బస్తాలు అల్లికవి, సందుల్లోంచి దుమ్ము కారుతుంది, వద్దు.

8. కింద పడిన చిన్న ముక్కలు తడిపి చేత్తో ఏరాం. చీపురు పట్టలేదు. తడిగుడ్డలతో తుడిచి ఆ గుడ్డలు, మాస్కులు, గ్లౌజులు కూడా పాలిథిన్‌లోనే మూటకట్టాం. ఆ బట్టలతో ఇంట్లోకి పోలేదు. అక్కడే నీళ్లు పోసుకున్నాం.

ఇదంతా నిజమైన నిపుణులు చేసినంత పద్ధతిగా చేశామని అనం. వాళ్లకు ప్రత్యేక వ్యాక్యూమ్‌లు, గాలి పరీక్షలు ఉంటాయి. కానీ సమ్మెట దెబ్బకు, దీనికి చాలా తేడా ఉంది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. దించిన మంచి రేకులు ఏం చేయాలి? కొండ పైనున్న గూడెం వాళ్లు వచ్చి అడిగారు. వాళ్లవి ఇంకా గడ్డి ఇళ్లు, కొన్నిటి మీద టార్పాలిన్. మొత్తంగా ఉన్న రేకు ఒక్కోటి వాళ్లకు ఒక వానాకాలం. మాలో గొడవైంది. ఒకడు, "తడిసి పడుకునే పిల్లాడికి నలభై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు గురించి చెప్తావా?" అన్నాడు. ఇంకొకడు, "ఇప్పుడు ఇస్తే మళ్లీ హుక్కులకు తూట్లు పొడుస్తారు, సైజుకు కోస్తారు, పదేళ్లకు వాళ్లే పగలగొడతారు" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. చివరికి గూడెం పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కాసేపు ఆగి, "మంచిదైతే మీరెందుకు దించారు? చెడ్డదైతే మాకెందుకు ఇస్తారు?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఆయన రేకులు తీసుకోలేదు. ఆయన పిల్లలు మాత్రం ఈ వానలకు కూడా టార్పాలిన్ కిందే ఉన్నారు. ఆ మాట రాయకుండా ఇది మంచిపని అని చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు.

అందుకే గ్రామసభ పెట్టించి రెండు తీర్మానాలు రాయించాం. ఒకటి: పాత కప్పు దించే ఖర్చు, రేకులు తరలించే ఖర్చు ఇంటి బిల్లులో చేర్చాలి. పరవాడలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, తెలంగాణ వాళ్లకు దుండిగల్‌లో ఉంది. రేకులు అక్కడికి చేరాలిగాని గెడ్డలోకి కాదు. రెండు: పైగూడెంలో ప్రతి ఇంటికీ రాతినార లేని కప్పు ఇవ్వాలి. రెండూ గ్రీవెన్స్‌లో ఇచ్చి రశీదు తీసుకున్నాం. ఇంకా జవాబు లేదు. పాలిథిన్ చుట్టిన రేకులు ఊరి చివర, నీళ్లు పారని చోట, ముళ్లకంప చుట్టి ఉన్నాయి.

గ్రూపు సభ్యులను మేము అడిగేది ఇంతే.

మీ ఊళ్లో ఎన్ని ఇళ్లకు పాత సిమెంటు రేకులున్నాయో లెక్క రాయండి. కంటితో చూసి ఏ రేకులో రాతినార ఉందో చెప్పలేం, పాతదైతే ఉందనే అనుకోండి. కోళ్ల గూడుకు, పొయ్యి చుట్టూ, స్నానాల దడికి ముక్కలు కోసి వాడొద్దు. ఎండకు సున్నం వేసే ముందు పొడిగా గీకొద్దు.

రేకులు పగలగొట్టే పని, ఫ్యాక్టరీ పని, పాత బిల్డింగులు విప్పే పని చేసినవాళ్ల పేర్లు, ఏ ఏడు, ఎన్నాళ్లు అన్నది నోటుబుక్కులో రాసి ఉంచండి. మన దగ్గర దగ్గంటే ముందు టీబీ పరీక్ష చేస్తారు, అది చేయించుకోవాల్సిందే. కానీ డాక్టరుకు "ఈయన ఫలానా పని చేశాడు" అని చెప్పేవాళ్లు ఉండాలి. రాతినార ఫ్యాక్టరీ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కు అంది. పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు ఆరోగ్య రికార్డు ఉంచాలని యజమానులకు చెప్పింది. రోజుకూలీకి ఆ రికార్డు ఎవరూ ఉంచరు. మన ఊళ్లో ఆ రికార్డు మనమే రాయాలి. రాయడం వచ్చినవాళ్లం ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాం కదా.

గ్రామసభ తీర్మానం నకలు కావాలంటే కామెంట్లో ఊరి పేరు, మండలం పేరు పెట్టండి, పంపిస్తాం. మీ ఊళ్లో ఎవరైనా ఇంకా మంచి పద్ధతిలో దించి ఉంటే అదీ రాయండి, మేము నేర్చుకుంటాం.

జై ఆదివాసీ.