ట్రిగ్గర్ వదలడం నేర్పే బడి

ఫోర్ట్‌వర్త్ శివార్లలోని పారిశ్రామిక వాడలో అదొక రేకుల షెడ్డు. ముందు భాగంలో పంపులు, హోస్‌లు, నాజిళ్లు అమ్మే దుకాణం. వెనక కంచె కట్టిన ఖాళీ జాగా. అందులో ఎవరూ కాపురం ఉండని ఇళ్ల ముక్కలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక ఇటుక గోడ, ఒక వినైల్ పలకల గోడ, తారు షింగిల్స్ పరిచిన వాలు కప్పు, ఎండకు బూడిద రంగు తిరిగిన చెక్క కంచె, నూనె మరకలు పడ్డ సిమెంటు గచ్చు. ప్రెషర్ వాషింగ్ కాంట్రాక్టర్లు కావాలనుకునేవాళ్లు వీటి మీదే చేయి తిప్పుకుంటారు.

డాలస్ చుట్టుపక్కల కాలనీల్లో ఉండే తెలుగువాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. డ్రైవ్‌వే నల్లబడిందనో, ప్రహరీకి పాచి పట్టిందనో ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం రాగానే ఎవరో ఒకరిని పిలిచి కడిగించుకుంటాం. పిలిస్తే వచ్చేది ట్రైలర్ మీద నీళ్ల ట్యాంకు, ఇంజను పెట్టుకుని తిరిగే మనిషి. అతనికి ఈ పని ఎవరు నేర్పారని మనం అడగం. టెక్సస్ రాష్ట్రం కూడా అడగదు. ప్రెషర్ వాషింగ్‌కంటూ ఇక్కడ రాష్ట్ర లైసెన్సు లేదు. కాలిఫోర్నియాలో కథ వేరు. అక్కడ కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు డీ-38 పేరుతో ఇసుక, నీటి బ్లాస్టింగ్‌కు ప్రత్యేక వర్గమే పెట్టింది. లైసెన్సు అక్కర్లేని చోట జనం సొంత డబ్బు పెట్టి శిక్షణకు ఎందుకొస్తారో చూద్దామని నేను వెళ్లాను.

తరగతిలో పెయింటింగ్ కాంట్రాక్టరొకాయన, సెలవు రోజుల్లో రెండో సంపాదన చూసుకుంటున్న ఫైర్‌మన్, కలిసి వ్యాపారం పెట్టబోతున్న తల్లీకొడుకులు ఉన్నారు. వెనక బెంచీలో నిజామాబాద్ నుంచి వచ్చి స్థిరపడిన ముప్పై అయిదేళ్ల తెలుగాయన. నన్ను చూడగానే గుర్తుపట్టి పక్కన చోటిచ్చాడు. "మిషన్ కొంటే అయిపాయె అనుకున్న అన్నా. దుకాణపాయన ముందుగాల క్లాసుకు కూసో, తర్వాత కొను అన్నడు" అన్నాడు నవ్వుతూ.

శిక్షకుడు అరవై దాటిన మనిషి. జీవితమంతా ఇదే పని చేసి, మోకాళ్లు మొరాయించాక బోధనలోకి వచ్చారట. మొదట అయిదు నాజిళ్లు బల్ల మీద పెట్టారు. ఎరుపు సున్నా డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బు నీళ్లకు. మిషన్ ఒకటే, పంపు తోసే ఒత్తిడీ ఒకటే. నీళ్లు ఎంత వెడల్పున పరుచుకుంటాయన్న దాన్నిబట్టి దెబ్బ మారిపోతుంది. బయటికి తీసుకెళ్లి ఎరుపు నాజిల్‌తో చెక్క కంచె మీద అడ్డంగా ఒక గీత గీశారు. పెన్సిల్ గీతలా కనిపించింది. దగ్గరికెళ్లి వేలు పెడితే గోరు లోపలికి దిగింది. తర్వాత అదే కంచెను తెల్ల నాజిల్‌తో, దూరం నుంచి కడిగారు. బూడిద రంగు పోయి చెక్క అసలు రంగు బయటపడింది.

కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది. ఆ మిషన్ మీద 4,000 అని రాసి ఉంది. కొత్తగా వచ్చేవాళ్ల కళ్లన్నీ ఆ అంకె మీదే ఉంటాయని, పాతకాపులు మాత్రం పక్కనున్న చిన్న అంకె చూస్తారని ఆయన అన్నారు. అది జీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని గ్యాలన్ల నీళ్లొస్తాయన్న లెక్క. నాలుగు గ్యాలన్లంటే సుమారు 15 లీటర్లు. ఒత్తిడి మురికిని ఊడదీస్తుంది, దాన్ని అక్కణ్నుంచి మోసుకుపోయేది మాత్రం నీళ్లే. మురికి వదలడానికి వేడి, రాపిడి, రసాయనం, సమయం అని నాలుగు దారులున్నాయి. ఒకటి తగ్గిస్తే మిగిలిన వాటిలో ఏదో ఒకటి పెంచాలి. రసాయనానికి పదిహేను నిమిషాలు టైమిచ్చే ఓపిక లేనివాడే ఒత్తిడి పెంచి గోడ పాడుచేస్తాడని ఆయన లెక్క.

మిషన్ ఆడించడం అందరికీ పది నిమిషాల్లో వచ్చేసింది. తరగతిలో మిగతా సమయమంతా ఎక్కడ ఆపాలన్న దాని మీదే నడిచింది.

ఆపాల్సిన మొదటి చోటు మనిషి ఒళ్లు. ఆయన ఒక పచ్చి కోడి కాలుకు పని గ్లవ్ తొడిగి, దాని మీద క్షణంపాటు ట్రిగ్గర్ నొక్కారు. గ్లవ్ మీద సూది గుచ్చినంత చిల్లు. కత్తితో కోసి చూపిస్తే లోపల కండ ఎముక దాకా చీలిపోయి ఉంది. మనిషికి ఈ దెబ్బ తగిలితే మొదట పెద్దగా నొప్పి ఉండదు, చర్మం మీద చుక్కంత గాయమే కనబడుతుంది. కట్టు కట్టుకుని పనిలో పడితే లోపలికి వెళ్లిన మురికి నీరు, రసాయనం కండను కుళ్లబెడతాయి, వేలో చెయ్యో పోవచ్చు. వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయమిది. ఆస్పత్రిలో డాక్టర్లు కూడా చిన్న గాయమని పొరబడే ప్రమాదం ఉంది కాబట్టే, పారిశ్రామిక వాటర్ జెట్టింగ్ చేసేవాళ్లు ఆ సంగతి వివరించే కార్డు ఒకటి జేబులో ఉంచుకుంటారు.

రెండోది కంటికి కనబడని ప్రమాదం. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 1996లో ఒక హెచ్చరిక విడుదల చేసింది. పెట్రోలు ఇంజనున్న ప్రెషర్ వాషర్‌తో తన కొట్టం లోపలి భాగం కడుగుతున్న ఒక రైతు దాదాపు అరగంటలోనే కార్బన్ మోనాక్సైడ్‌కు స్పృహ తప్పి చనిపోయిన సంగతి అందులో ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి కదా అన్న ధీమా పనికిరాదు. ఇంజను ఆరుబయటే ఉండాలి, లోపలికి హోస్ మాత్రమే వెళ్లాలి. ఇది చెప్పేటప్పుడు శిక్షకుడు కొట్టం బొమ్మ బోర్డు మీద గీసి, ఇంజను ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కరి చేతా గుర్తు పెట్టించారు.

మధ్యాహ్నం తరగతి వాలు కప్పు దగ్గర జరిగింది. అమెరికా ఇళ్ల కప్పుల మీద నల్లటి చారలు కారుతుంటాయి. చాలామంది అది మసి అనుకుంటారు. నిజానికి గ్లియోకాప్సా మాగ్మా అనే సూక్ష్మజీవి పెరిగి వేసే రంగు అది. ఒత్తిడితో కొడితే చారలతో పాటు షింగిల్స్ మీది గులక పొర కూడా రాలి కాలువలో పడుతుంది. ఎండ నుంచి తారును కాపాడేది ఆ పొరే. అందుకే షింగిల్స్ తయారీదారుల సంఘం కప్పును ప్రెషర్ వాషర్‌తో కడగవద్దంటుంది. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి, పదిహేను ఇరవై నిమిషాలు వదిలేసి, తక్కువ ఒత్తిడితో కడగమని దాని సలహా. ఈ పద్ధతికి సాఫ్ట్ వాష్ అని పేరు. ప్రెషర్ వాషింగ్ క్లాసులో ఎక్కువ సేపు నడిచిన పాఠం ప్రెషర్ లేని పని గురించే!

బ్లీచ్‌కీ క్రమశిక్షణ కావాలి. కింద మొక్కలుంటే ముందు వాటిని నీళ్లతో బాగా తడపాలి, పని అయ్యాక మళ్లీ తడపాలి. తుప్పు మరకలు తీసే ఆమ్లాన్ని బ్లీచ్ పోసిన డబ్బాలో పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అందుకే ఒక డబ్బాలో ఒకే మందు, ప్రతి డబ్బాకూ లేబులు. తల్లీకొడుకుల్లో ఆ తల్లి ప్రతి డబ్బా మీద పేరు రాసి, కొడుకు చేత పైకి చదివించడం చూశాను.

ఆ తర్వాత అందరినీ ఆవరణ మూలనున్న ఇనప జాలీ దగ్గరికి తీసుకెళ్లారు. అది వాననీటి కాలువ. ఇళ్లలోంచి వచ్చే మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. వీధిలో జాలీ దాటిన నీళ్లు మాత్రం శుద్ధి లేకుండానే వాగులకు, అక్కణ్నుంచి ట్రినిటీ నదికి చేరతాయి. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్, దాని వెనక వచ్చిన నగరాల అనుమతి నిబంధనల ప్రకారం సబ్బు, నూనె, రంగు కలిసిన కడుగునీళ్లు ఆ జాలీలోకి పోకూడదు. ఫోర్ట్‌వర్త్‌లో ఇలా ఊరంతా తిరిగి కడిగే వ్యాపారాలు నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి కూడా. నూనె మరక ఉంటే ముందు పీల్చే పొడి చల్లి ఊడ్చేయాలి. జాలీ మీద రబ్బరు మ్యాటు పరచాలి. నీళ్లకు అడ్డుకట్ట వేసి, వ్యాక్యూమ్‌తో లాగి ట్యాంకులోకి ఎక్కించాలి. ఒక చిన్న గచ్చు కడగడానికి పట్టిన సమయం కంటే ఆ నీళ్లను తిరిగి పట్టుకోవడానికి పట్టిన సమయమే ఎక్కువ.

మన ఊళ్లలో రోడ్డు పక్క వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో బైకులు కడిగే కుర్రాళ్లు నాకు అక్కడే గుర్తొచ్చారు. పని నేర్చేది ముందున్న కుర్రాణ్ని చూసి. ఆ నూనె నీళ్లు ఎటు పోతాయని వాళ్లకు చెప్పేవాళ్లుండరు, కడిగించుకునే మనమూ అడగం.

నిజామాబాద్ ఆయన అసలు వచ్చింది వంటగదుల పాఠం కోసం. డాలస్ చుట్టూ వెలసిన బిర్యానీ, దోసె రెస్టారెంట్లలో పొయ్యిల మీది హుడ్లు, పొగ గొట్టాలు కడిగే పని తెలుగువాళ్ల దగ్గరే పట్టుకోవాలని ఆయన ఆలోచన. దీనికి ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే అగ్నిమాపక ప్రమాణం ఉంది. బొగ్గు, కట్టె మండించే పొయ్యికి నెలకోసారి తనిఖీ కావాలి. రోజంతా వేపుళ్లు నడిచే వంటగదికి మూడు నెలలకోసారి. మామూలు వాడకానికి ఆర్నెల్లకు. ఎప్పుడో ఒకసారి పొయ్యి వెలిగించే చర్చి వంటగదికి ఏడాదికి.

"బొగ్గు తందూరీ ఉంటే నెలనెలా అన్నమాట" అని ఆయన నోట్సులో గీత గీసుకున్నాడు.

శిక్షకుడు వెంటనే ఇంకో మాట కలిపారు. కప్పు మీది ఫ్యాను దగ్గర మొదలుపెట్టి కింద హుడ్ దాకా, మధ్యలో గొట్టం మొత్తం కడగాలి. వినియోగదారుడికి కనబడేది హుడ్ ఒక్కటే కాబట్టి దాన్ని తళతళలాడించి డబ్బు తీసుకునేవాళ్లు ఉంటారు. మంట అంటుకునేది లోపల గొట్టంలో పేరుకున్న జిడ్డుకు. చేయి చేరని చోటు ఏదైనా ఉంటే, అక్కడ కడగలేదని రాతపూర్వకంగా యజమానికి ఇవ్వాలని ఆ ప్రమాణమే చెబుతుంది. చేయని పనిని కాగితం మీద ఒప్పుకోమనే నిబంధన విని పెయింటింగ్ కాంట్రాక్టర్ కాస్త ఇబ్బందిగా కదిలాడు.

ఇంతకీ తరగతి చివరి పరీక్ష పాసైతే ఇచ్చే సర్టిఫికెట్‌కు విలువ ఎక్కడిది? పవర్ వాషర్స్ ఆఫ్ నార్త్ అమెరికా లాంటి వృత్తి సంఘాలు ఇళ్లు, కప్పులు, గచ్చులు, వాహనాలు, చెక్క, వంటగది, పర్యావరణం అంటూ విడివిడిగా కోర్సులు, పరీక్షలు పెడతాయి. ప్రభుత్వ ముద్ర ఉండదు. అయినా పెద్ద మాల్, ఆస్పత్రి, రెస్టారెంట్ల గొలుసు పని ఇచ్చే ముందు కాగితాలు అడుగుతాయి. వంటగది పనిని శిక్షణ పొందినవాళ్లే చేశారా అని ఫైర్ ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. బీమా సంగతి ఇంకా కీలకం. మామూలు బాధ్యతా బీమాలో, మనం ఏ వస్తువు మీద పని చేస్తున్నామో దానికే జరిగే నష్టాన్ని మినహాయించే షరతు తరచూ ఉంటుంది. గోడ కడుగుతూ పక్కింటి కారు పగలగొడితే పరిహారం వస్తుంది, ఆ గోడే పాడైతే రాకపోవచ్చు. పాలసీ చదవడం కూడా ఇక్కడ పాఠమే. ఫైర్‌మన్ తన పాలసీని ఫోనులో తెరిచి ఆ షరతు వెతుక్కున్నాడు. ఉంది.

అయితే కాగితం పనితనానికి పూచీ కాదని శిక్షకుడు దాచలేదు. పరీక్ష పాసైనవాడు కూడా తొందరపడితే కంచె చెక్కేస్తాడు. ఎక్కడ చిక్కు రావచ్చో ముందే పోల్చుకోగలడన్నదే తేడా.

చివరి పరీక్షలో కొన్ని ఇళ్ల, దుకాణాల ఫొటోలు ఇచ్చి, వివరాలు చదివి ధర రాయమన్నారు. అందులో ఒకటి 1962లో కట్టిన చెక్క ఇల్లు. రంగు పెచ్చులుగా లేస్తోంది. కొత్త రంగు వేయబోతున్నాం, శనివారం లోపు బలంగా కడిగి పాత రంగు రాల్చేయండని యజమాని కోరిక. చాలామంది ధర రాశారు. నిజామాబాద్ ఆయన ధర గడి ఖాళీగా వదిలి, కింద రెండు వాక్యాలు రాశాడు. ఇల్లు 1978కి ముందుది, రంగులో సీసం ఉండొచ్చు. నాకు ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) సర్టిఫికెట్ లేదు, ఉన్నవాళ్ల ఫోన్ నంబరు ఇస్తాను.

పూర్తి మార్కులు ఆయనకే. 2010 నుంచి అమల్లో ఉన్న సమాఖ్య నిబంధన ప్రకారం, అలాంటి ఇంటి బయట 20 చదరపు అడుగులకు మించి పాత రంగు కదిలించే పని డబ్బు తీసుకుని చేయాలంటే ఈపీఏ ధ్రువీకరణ ఉండి తీరాలి. కాంట్రాక్టర్లకు ఇందులో స్వచ్ఛందం అన్న మాట లేదు, చట్టమే.

"వచ్చిన బేరం పోయినట్టే కదా?" అని అడిగాను బయటికొచ్చాక.

"పోతది అన్నా. పిల్లలున్న ఇల్లయితే ఆ పెచ్చులన్నీ మట్టిల పడ్తయి, వాళ్లు ఆడ్కునేది ఆ మట్టిలనే" అన్నాడు. ఆ సర్టిఫికెట్‌కు కావాల్సిన ఎనిమిది గంటల కోర్సు వచ్చే నెలలో డాలస్‌లో ఉందని దుకాణంలో కనుక్కుని, మిషన్ కొనడానికి దాచిన డబ్బులోంచి దాని ఫీజు కట్టేశాడు.