ఓటమికి అన్నం పెట్టిన ఇల్లు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుంచి అమెరికాకు చదువుకోవడానికి వెళ్ళే యువతీయువకుల విజయాలు సొంత ఊళ్ళకు చేరినంత వేగంగా వారి వైఫల్యాలు చేరవు. సీటు వచ్చిన రోజు, విమానం ఎక్కిన రోజు, కొలువు దొరికిన రోజు బంధువులందరికీ తెలుస్తాయి గాని, కొలువు దొరకని నెలల సంగతి ఒకే అద్దె ఇంట్లో ఉంటున్న స్నేహితులకు తప్ప ఎవరికీ తెలియదు. చదువు ముగించిన విద్యార్థికి అక్కడ లభించే ‘ఓపీటీ’, అంటే చదివిన రంగంలో 12 నెలలపాటు పనిచేసుకొనే అనుమతి, ఉన్న కాలంలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండరాదు. ఆ తరువాత కావలసిన హెచ్-1బి వీసాకు ఏటా పరిమితి 65,000, అమెరికాలో పైచదువు పట్టా పొందినవారికి అదనంగా మరో 20,000. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు రావడం వల్ల ఏళ్ళ తరబడి ఎంపిక లాటరీ పద్ధతిలోనే జరుగుతూ వచ్చింది. లాటరీలో పేరు రాకపోవడం ఎవరి ప్రతిభ మీదా తీర్పు కాదు. అయినా పొలం తాకట్టు పెట్టి పంపిన ఇంటికి ఆ మాట చెప్పడానికి నోరు రాక, అంతా బాగానే ఉందని ఫోనులో చెబుతూ కాలం నెట్టుకొచ్చే పిల్లలు ప్రవాసంలో ఎందరో ఉన్నారు, వారిని ఓటమి కంటే ఆ దాపరికమే ఎక్కువగా కుంగదీస్తుంది.

ఓటమి మనిషికి పాఠం నేర్పుతుందని పెద్దలు తరచుగా చెబుతారు గాని, ఆ మాట సగమే నిజం. ఓడినవాడికి తినడానికి తిండి, తలదాచుకోవడానికి చోటు, మళ్ళీ ప్రయత్నించడానికి గడువు ఎవరో ఒకరు ఇచ్చినప్పుడే ఓటమి పాఠమవుతుంది. ఆ మూడూ లేనిచోట అది వట్టి దెబ్బగానే మిగిలిపోతుంది. దీనికి గుడివాడ ప్రాంతమే గొప్ప సాక్ష్యం చూపుతుంది.

గుడివాడకు దగ్గరలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. సమీప గ్రామంలో జరిగిన ఒక కచేరీలో సంగీతం తెలిసినవారితో పోటీపడి ఓడిపోయి నవ్వులపాలయ్యాడని, ఆ అవమానంతోనే శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోవాలని నిశ్చయించుకొన్నాడని ఆయన జీవితకథ చెబుతుంది. చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరేసరికి వేసవి సెలవులకు సంగీత కళాశాల మూసి ఉంది. అక్కడ ఆయన వారాలు చేసుకొన్నాడు; వారాలంటే పేద విద్యార్థి వారంలో ఒక్కో రోజు ఒక్కో గృహస్థు ఇంట భోజనం చేసే ఏర్పాటు, ఆంధ్రదేశంలో ఎందరి చదువులనో నిలబెట్టిన ఆచారం. తోటి విద్యార్థులు చేసిన తప్పుకు ఆయనను బాధ్యుణ్ణి చేసి కళాశాల నుంచి బహిష్కరించినప్పుడు, ఆ ఇళ్ళవారు కూడా తమ గడపకు రావద్దన్నారు. చెయ్యని తప్పుకు అన్నం పోగొట్టుకొన్న ఆ కుర్రవాడు అప్పుడే వెనుదిరిగి ఉంటే, తెలుగువారు ఏమి కోల్పోయేవారో ఊహించడానికే మనసు రాదు. అలా జరగకపోవడానికి కారణం ఆయన పట్టుదల ఒక్కటే కాదు. తానే పేదవాడైన పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రవాణ్ణి ఇంటికి తీసుకువెళ్ళి ఉచితంగా విద్య చెప్పాడు. శిష్యుడు మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకొని, సాధన సాగించాడు. ఘంటసాల పట్టుదలను పొగిడే సభలన్నిటిలోనూ సీతారామశాస్త్రి ఇంటి తలుపును కూడా తలచుకోవడం న్యాయం.

బందరులో వైద్యవృత్తి చేసి, 1923లో అక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి, 1580 ఓట్లు పొందిన సుభాష్ చంద్ర బోసు చేతిలో 1377 ఓట్లతో దేశమంతా చూస్తుండగా ఓడిపోయాడు. 1948లో అదే పదవికి ఎన్నికయ్యాడు. ఆ రెండు ఎన్నికల నడుమ ఆయనను ఓడినవాడిగా లెక్కగట్టి సహచరులు పక్కన పెట్టలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఓడినవారిని ఎవరు నిలబెడతారన్న ప్రశ్న నేటి దివిసీమలోని అవనిగడ్డలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉపాధ్యాయ నియామకాల కోసం జరిపే డీఎస్సీ, అంటే జిల్లా ఎంపిక సంఘం పేరు మీదుగా స్థిరపడిన పోటీ పరీక్ష, శిక్షణకు ఈ ఊరు పేరుపొందింది. దూర జిల్లాల నుంచి వచ్చినవారు గదులు అద్దెకు తీసుకొని ఇక్కడ చదువుతారు. 2018 తరువాత 2025లో గాని ఆ పరీక్ష రాలేదు. 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు, అంటే దాదాపు ఇరవై మందిలో ఒకరికే ఉద్యోగం. మిగిలినవారందరూ చదవనివారని అనడం అన్యాయం. తుపానుకో, కాలవ నీరు ఆలస్యమవడం వల్లనో నారుమడి పోతే ఈ సీమ రైతు మళ్ళీ నారు పోస్తాడే గాని, తాను రైతునే కానని అనుకోడు, ఊరు కూడా అనదు. పంటకు దొరికే ఆ మన్నన పరీక్ష తప్పిన బిడ్డకు అదే ఇంట్లో దొరకకపోవడం విచారకరం.

ఇక అమెరికాలో తెలుగువారి ఘనతను చెప్పేటప్పుడు మొదట వినిపించే పేర్లలో ఒకటైన యల్లాప్రగడ సుబ్బారావు, మెట్రిక్యులేషన్, అంటే నాటి ఉన్నత పాఠశాల చివరి పరీక్ష, మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయంతో బోస్టన్ చేరాడు. హార్వర్డులో స్థిరమైన పదవి దక్కకపోతే 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, అక్కడ ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటివాటిపై పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన దాటివచ్చిన తలుపులు ఎవరో తెరిచి ఉంచినవే. ప్రవేశానికి మార్కుల అడ్డు దాదాపుగా లేని, ఏ వయసువారైనా రెండేళ్ళు చదివి విశ్వవిద్యాలయానికి మారగల కమ్యూనిటీ కళాశాలలు ఆ దేశంలో చేస్తున్నదీ ఆ పనే.

సంక్రాంతికి ఊరు వచ్చే ప్రవాసులు తాము చదివిన కళాశాలలకు వెళ్ళినప్పుడు, జీతంతో పాటు లాటరీ తప్పిన ఏడును, ఖాళీగా గడిపిన నెలలను, అప్పుడు అద్దె కట్టిన మిత్రుణ్ణి కూడా పిల్లలకు చెప్పాలి. తల్లిదండ్రులు ఫలితాలు రాకముందే, తప్పినా ఇంట్లో చోటు మారదని బిడ్డకు నోరు తెరిచి చెప్పాలి. ఆ మాట ఇంట్లో వినబడని పిల్లలు దిగులు భరించలేకపోతే, టెలి మానస్ సహాయకేంద్రం 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడుతుంది.