ఎవరూ విత్తని కూర

హైదరాబాద్ నుంచి ముంబై రహదారి మీద దాదాపు వంద కిలోమీటర్లు వెళితే జహీరాబాద్ వస్తుంది. అక్కడ పెద్దరోడ్డు వదిలి పస్తాపూర్ మీదుగా లోపలి ఊళ్ల వైపు తిరిగితే నేల రంగు పొలం పొలానికీ మారుతుంది. ఒకచోట ఇటుక రంగు గరప నేల, ఇంకాస్త ముందుకు పోతే నల్లరేగడి. బావులు తక్కువ, కాలువలు లేవు. ఎక్కువ చేలకు వానే దిక్కు.

మేం వెళ్లింది భాద్రపదంలో, వినాయక చవితి దాటాక. జొన్న నడుమెత్తు దాటింది. సాళ్ల మధ్య కంది, కంది పక్కన పెసర, అక్కడక్కడా అనుములు, బెబ్బర్లు, గట్టు వెంబడి పుంటికూర. కలుపు తీస్తున్న ఆడవాళ్లు పీకిన మొక్కలన్నీ గట్టు మీద పడేయడం లేదు. గడ్డి ఒక పక్కకు పోతోంది, కొన్ని మొక్కల లేత కొసలు మాత్రం ఒడిలోకి చేరుతున్నాయి. తుమ్మి, దొగ్గలి, చెంచలి, గంగవాయిలి, గునుగు. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ విత్తలేదు. తొలకరి పడగానే వాటంతట అవే మొలిచాయి.

పొద్దు వాలేసరికి ఒక్కొక్కరి ఒడిలో ఆ పూట వంటకు సరిపడా కూర ఉంది. పొలం ఉన్నవాళ్లకే కాదు, కూలికి వచ్చినవాళ్లకూ అంతే. ఇలా కోసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాదాపు 75 ఊళ్లలోని మహిళా సంఘాలు దీనికి ప్రాణం. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఒకటి రెండెకరాల మెట్ట భూమి ఉన్నవాళ్లు. సంస్థ స్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. 2023 మార్చిలో కన్నుమూసేదాకా ఈ ప్రాంతంతోనే ఉన్నారు. సంస్థ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఇక్కడి చేను ఎలా నడుస్తుందో తెలియాలంటే ఒక ఎకరాన్ని చివరిదాకా నడిచి చూడాలి. పదికి మించిన పంటలు ఒకే చేలో కలిసి పెరుగుతుంటాయి. జొన్న వేళ్లు పైమట్టిలో అల్లుకుంటే కంది తల్లివేరు లోతుకు దిగుతుంది, అందుకే నీటికోసం రెంటికీ అంతగా పోటీ ఉండదు. పెసర, మినుము, కంది, అనుము వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజని నిలుస్తుంది. పెసర రెండు నెలలు దాటగానే ఇంటికి వస్తుంది, జొన్న దసరా, దీపావళి రోజుల తర్వాత, కంది సంక్రాంతి ప్రాంతంలో. ఆలోగా కంది రాల్చిన ఆకు నేలకే ఎరువు. ఒక వాన తప్పితే ఒక పంట దెబ్బతింటుందేమో గాని చేను మొత్తం పోదు. యాసంగిలో చేను చుట్టూ కుసుమ వేస్తారు. దాని ముళ్లకు జడిసి పశువులు లోపలికి రావు, గింజ నూనెకు పనికొస్తుంది.

ఎరువు పశువుల పెంట, చెరువు మట్టి. పురుగు కనిపిస్తే వేపగింజల కషాయం. గడ్డి మందు మాత్రం ఊసే లేదు. చేను పక్కన నిలబడి చూస్తే కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆ మందుకు గడ్డికీ దొగ్గలికీ తేడా తెలియదు. ఒక్కసారి కొడితే జొన్న దక్కినా ఆ సీజన్ కూర మొత్తం మాడిపోతుంది. కొత్త గింజ ఇంకా ఇంటికి రాని, పాత గింజ అడుగంటిన వానాకాలపు నెలల్లో ఆ ఇళ్లకు ఇనుము, కాల్షియం, విటమిన్లు అందేది ఈ ఆకుల నుంచే. సేంద్రియ సాగు గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా నేల ఆరోగ్యం చెబుతారు, మార్కెట్ ధర చెబుతారు. జహీరాబాద్ ఆడవాళ్ల లెక్క ఇంకా దగ్గరిది: మందు కొట్టని చేలో రెండు పంటలు. ఒకటి వాళ్లు విత్తింది, ఒకటి నేల ఇచ్చింది.

గునుగు ఈ రెండో పంటకు మంచి ఉదాహరణ. లేతగా ఉన్నప్పుడు అది కూర. కొసలు తుంచుకుంటే పక్క కొమ్మలు వేసి మళ్లీ చిగురిస్తుంది. ముదిరాక వచ్చే వెండి రంగు కంకులు తంగేడు పూలతో కలిసి బతుకమ్మలోకి ఎక్కుతాయి. మిగిలిన పూలు చేలోనే ఎండి విత్తనం రాలుస్తాయి, వచ్చే ఏటి మొలకకు అదే మూలం. తుమ్మికూర అయితే వినాయక చవితి నాడు తెలంగాణ ఇళ్లలో వండుకునేదే.

విత్తిన పంటకు విత్తనం సంఘం విత్తన బ్యాంకులోనిది. కోతకు ముందే ఆడవాళ్లు చేలో తిరిగి బలంగా, తెగులు లేకుండా ఉన్న కంకులను ఎంచి వేరుగా తీస్తారు. బాగా ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, మట్టీ పేడా మెత్తిన బుట్టల్లో దాస్తారు. జొన్నలోనే తెల్లవి, పచ్చవి, ఎర్రవి వేరువేరు. కొర్ర, సామ, తైద, సజ్జ, ఉలవ, అవిసె, వలిసె కూడా బుట్టల్లో ఉన్నాయి. విత్తనానికి డబ్బు తీసుకోరు. తీసుకెళ్లినవాళ్లు పంట వచ్చాక రెట్టింపు కొలిచి ఇవ్వాలి, అంతే. అలా వచ్చిన గింజ మరో ఇంటికి వెళుతుంది. సంక్రాంతికి ఎడ్ల బండ్లను ఈ విత్తనాలతోనే అలంకరించి ఊరూరా తిప్పుతారు. దాని పేరు పాత పంటల జాతర. మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపేదీ ఇక్కడి మహిళలే, అందులో విత్తనం ముచ్చట్లకు పెద్ద చోటుంది.

దగ్గర్లోనే బిడకన్నెలో అరణ్య సంస్థ క్షేత్రం ఉంది. కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు రాళ్ల నేలను ప్రకృతిని అనుకరించే పర్మాకల్చర్ పద్ధతిలో తోటగా మార్చారు. 2017లో ప్రపంచం నలుమూలల పర్మాకల్చర్ సాధకులు సమావేశమైంది ఇక్కడే. పల్లానికి అడ్డంగా తీసిన కందకాల్లో వాన నీళ్లు ఆగి ఇంకుతాయి. రాలిన ఆకును ఊడ్చేయకుండా నేల మీదే కప్పుగా ఉంచుతారు. పెద్ద చెట్ల కింద పొదలు, పొదల కింద దుంపలు, తీగలు. పట్నంలో పెరడు ఉన్నవాళ్లు నేరుగా ఇంటికి తీసుకుపోగల పాఠాలివి. ఆకు కాల్చొద్దు, నేలను ఎండకు వదలొద్దు, కుండీలో తనంతట తానే మొలిచిన గంగవాయిలినీ పొన్నగంటినీ పీకేముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఏటా నాలుగైదు మొక్కలను విత్తనానికి వదిలితే మళ్లీ కొనే పని ఉండదు.

ఇంత చేసినా సంఘం ఆడవాళ్ల చేల చుట్టూ చెరకు, పత్తి పెరుగుతున్నాయి. కూలి దొరకనప్పుడు గడ్డి మందు డబ్బా చేతికి దగ్గరగా ఉంటుంది. పైగా పంట బీమా పథకాలు సాధారణంగా ఒక్కో పంటను విడిగా నోటిఫై చేసి నష్టం లెక్కగడతాయి. పది పంటలు కలిసిన ఎకరం ఆ లెక్కలో ఇమడదు. ఎవరూ విత్తని కూర అయితే ఏ రికార్డులోకీ ఎక్కదు. దాన్ని ఎక్కించాల్సిన బాధ్యత వ్యవసాయ శాఖది, పౌష్టికాహారం గురించి మాట్లాడే ప్రతి శాఖదీ. గడ్డి మందు సిఫారసు చేసే ముందు అధికారులు వానాకాలంలో ఒక్కరోజు ఈ చేలలో కలుపు తీసేవాళ్ల వెంట నడవాలి. ఏ ఊరి పొలంలో ఎన్ని రకాల కూర దొరుకుతుందో, అది ఎన్ని ఇళ్లకు వెళుతోందో రాసుకోవాలి. మిశ్రమ పంటకు ఎకరం లెక్కన బీమా ఇచ్చే పద్ధతిని ముందుగా ఈ మండలాల్లోనే పరీక్షించి చూడాలి.